వేడెక్కాక తడబాటు, ఎత్తులో లాగదు: 1966 ఎంజీబీ, జంట ఎస్‌యూ కార్బురేటర్లు

పాతబండి66
1966 ఎంజీబీ, బ్రిటిష్ స్పోర్ట్స్ కారు. 1798 సీసీ, ఐదు బేరింగుల ఇంజిన్, రెండు ఎస్‌యూ హెచ్‌ఎస్‌4 కార్బురేటర్లు, లూకాస్ 25డీ4 డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకి వరసగా కరెంటు పంచేది). అందులో తెరుచుకుని మూసుకుని స్పార్క్ పుట్టించే పాయింట్లే, ఎలక్ట్రానిక్ ఏమీ పెట్టలేదు. పాజిటివ్ ఎర్త్ (బ్యాటరీ ప్లస్ బాడీకి) కూడా ఫ్యాక్టరీలో ఉన్నట్టే ఉంది.

చల్లగా ఉన్నప్పుడు ఏ గొడవా లేదు. పావుగంట నడిచాక రెండు రకాలుగా ఏడిపిస్తోంది. ఒకటి, కాలు తీసి మళ్ళీ ఆక్సిలరేటర్ మీద వేయగానే ఒక్క క్షణం ఇంజిన్ చచ్చినట్టయి, జర్కు కొట్టి, అప్పుడు అందుకుంటుంది. రెండోది, ఎత్తు ఎక్కేటప్పుడు నాలుగో గేరులో పూర్తిగా తొక్కినా 3000 ఆర్‌పీఎం దాటదు. ఇంకా తొక్కితే కార్బురేటర్‌లోంచి టప్ టప్‌మని వెనక్కి తంతుంది. పక్కన ఆపి ఐదు నిమిషాలు ఆగితే మళ్ళీ మామూలే, కొంత దూరం పోయాక మళ్ళీ అదే పాట.

ప్లగ్గులు, పాయింట్లు, కండెన్సర్, ప్లగ్ వైర్లు అన్నీ కొత్తవి. తేడా లేదు. ఇక కార్బురేటర్లు విప్పి కిట్ వేయడమేనా, ముందు చూడాల్సింది ఇంకేమైనా ఉందా?

డెల్కో_బాబాయ్
కార్బురేటర్ మీద చెయ్యి వేయొద్దు. కార్బురేటర్ రోగాల్లో నూటికి తొంభై డిస్ట్రిబ్యూటర్‌లోనే ఉంటాయని మెకానిక్కులు ఊరికే అనరు. ఒక్కటి చెప్పండి: జర్కు కొట్టినప్పుడు టాకో (ఆర్‌పీఎం మీటర్) ముల్లు ఏం చేస్తోంది? ఇంజిన్‌తో పాటు మెల్లగా దిగుతోందా, ఒక్కసారిగా కింద పడి లేస్తోందా?

సన్నసూది
బాబాయ్ అప్పుడే తీర్పు చెప్పేశాడు. పాతబండి గారు రాసినవి రెండు వేర్వేరు కంప్లైంట్లు, ఒకే మూట కట్టకండి. "ఆపి ఐదు నిమిషాలు ఆగితే మామూలే" అన్నది పెట్రోల్ అందకపోవడానికి చాలా గట్టి గుర్తు. కార్బురేటర్ పక్కన పెట్రోల్ నిలవుండే ఫ్లోట్ చాంబర్లు ఖాళీ అవుతున్నాయి, ఆగినప్పుడు పంపు మళ్ళీ నింపుతోంది. కార్బురేటర్‌లోంచి వెనక్కి తన్నడం కూడా లీన్ మిక్స్చర్ (గాలి ఎక్కువ, పెట్రోల్ తక్కువ) లక్షణమే.

ఎత్తులో లాగడం మానేసిన ఆ క్షణంలోనే చోక్ (పెట్రోల్ పాలు పెంచే మీట) సగం లాగి చూడండి. బలం తిరిగి వస్తే పెట్రోల్ తక్కువవుతున్నట్టు. మార్పు లేకపోయినా, ఇంకా దిగజారినా స్పార్క్ వైపు వెళ్ళాలి. పైసా ఖర్చు లేని పరీక్ష.

మడ్‌గార్డ్
అంతకన్నా ముందు ఒకరిని సీట్లో కూర్చోబెట్టి పెడల్ నేలకి తొక్కించండి, మీరు బానెట్ కింద చూడండి. కార్బురేటర్లలో గాలి దారి తెరిచే థ్రాటిల్ ప్లేట్లు రెండూ పూర్తిగా తెరుచుకుంటున్నాయా? కేబుల్ సాగినా, పెడల్ కింద కార్పెట్ మందంగా ఉన్నా మూడు వంతులే తెరుచుకుంటుంది. కార్పెట్ కోసం ఇంజిన్ విప్పినవాళ్ళు ఉన్నారు.

ఇంకోటి, బండి నడిచాక నాలుగు చక్రాల హబ్బుల దగ్గర చెయ్యి పెట్టి చూడండి, తాకకుండా దగ్గరగా. ఒకటి కాలుతోందంటే బ్రేకు పట్టేస్తోంది. వేడెక్కేకొద్దీ ఇంకా పడుతుంది, ఆగితే వదులుతుంది. అచ్చం ఇంజిన్ బలం పోయినట్టే ఉంటుంది.

డెల్కో_బాబాయ్
సన్నసూదికి: కాయిల్ (ప్లగ్గులకి ఎక్కువ వోల్టేజ్ ఇచ్చేది) వేడెక్కి చచ్చినా ఐదు నిమిషాలు ఆగితే బతుకుతుంది. కాబట్టి ఆ గుర్తు ఒక్కదానితో పెట్రోల్ అనేయలేం. చోక్ పరీక్ష మాత్రం మంచిదే, ఒప్పుకుంటా.

సన్నసూది
కాయిల్ చస్తే చదునులోనూ చస్తుంది. ఈ బండి ఎత్తులో పూర్తి థ్రాటిల్‌కే పడిపోతోంది.

డెల్కో_బాబాయ్
పూర్తి థ్రాటిల్‌లో సిలిండర్ నిండుతుంది, ప్రెషర్ పెరుగుతుంది, ప్లగ్గు దగ్గర నిప్పు దూకడానికి ఎక్కువ వోల్టేజ్ కావాలి. బలహీనమైన కాయిల్ సరిగ్గా అక్కడే చేతులెత్తేస్తుంది. చదునులో సగం థ్రాటిల్‌కి లాక్కొచ్చేస్తుంది.

పాతబండి66
మడ్‌గార్డ్ చెప్పినవి చూశాను. ప్లేట్లు రెండూ పూర్తిగా తెరుచుకుంటున్నాయి, చక్రాలు చల్లగానే ఉన్నాయి.

చోక్ పరీక్ష: ఎత్తులో చోక్ లాగితే స్పష్టంగా తేడా ఉంది, మళ్ళీ లాగుతోంది, కాస్త ఆగి మళ్ళీ తగ్గుతోంది. కాలు వేయగానే వచ్చే జర్కుకి మాత్రం చోక్‌తో ఏ మార్పూ లేదు. టాకో ఇంకా గమనించలేదు.

సన్నసూది
అంటే రెండు జబ్బులే. బలం సంగతి నా వాటా, జర్కు బాబాయ్ వాటా.

పెట్రోల్ వైపు ఇలా వెళ్ళండి. కార్బురేటర్ దగ్గర పైపు ఊడదీసి, దానికి కొత్త గొట్టం ముక్క తొడిగి లీటరు గాజు సీసాలో పెట్టండి. ఇగ్నిషన్ వేసి సరిగ్గా ఒక నిమిషం పంపు ఆడనివ్వండి. మీ బండికి వెనక ఉండే ఎస్‌యూ పంపు బాగుంటే నిమిషానికి లీటరు దరిదాపు పోస్తుంది. లెక్క చూడండి: ఈ ఇంజిన్ 95 హార్స్‌పవర్ ఇచ్చేటప్పుడు గంటకు దాదాపు 30 లీటర్లు తాగుతుంది, అంటే నిమిషానికి అర లీటరు. సీసాలో అర లీటరు కన్నా తక్కువ పడితే చదునులో చాలుతుంది, ఎత్తులో చాలదు. మీ బండి చేస్తున్నది అదే.

ఒక్క నిమిషంతో ఆపకండి. సీసా ఖాళీ చేసి మళ్ళీ పట్టండి, ఇంకోసారి పట్టండి. మొదటి నిమిషం బాగా వచ్చి తర్వాత సన్నబడితే ట్యాంకులో జల్లెడ మీద చెత్త పేరుకుంటోందని అర్థం. పీల్పుకి చెత్త వెళ్ళి అతుక్కుంటుంది, పంపు ఆగగానే మళ్ళీ కిందకి జారిపోతుంది. ఐదు నిమిషాల వైద్యం రహస్యం ఇదే కావచ్చు.

సీసాలో పైపు కొస పెట్రోల్‌లో మునిగి ఉండాలి. ఆగకుండా బుడగలు వస్తుంటే ట్యాంకుకీ పంపుకీ మధ్య ఎక్కడో గాలి పీలుస్తోంది. పెట్రోల్ బయటికి కారదు కాబట్టి చూస్తే ఏమీ కనపడదు.

ఖాళీడబ్బా
పై పరీక్షకి నా చేర్పు: కాయిల్‌కి వెళ్ళే తెల్ల వైరు ఊడదీసి, కొసకి టేపు చుట్టి పెట్టండి. లేకపోతే పాయింట్లు మూసుకుని ఉంటే ఇంజిన్ తిరగకుండానే కాయిల్ కాలిపోయేంత వేడెక్కుతుంది. ఇంజిన్ చల్లగా ఉండాలి. పక్కన పొడి రకం మంటలార్పే సిలిండర్ ఉండాలి, నీళ్ళ బకెట్ కాదు. ట్యాంకు మూత తీసిపెట్టి ఒకసారి, మూసిపెట్టి ఒకసారి కొలవండి. తీస్తే ఎక్కువ వచ్చిందంటే మూతలో గాలి రంధ్రం పూడిపోయింది. బండి పడిపోయిన వెంటనే మూత తీస్తే స్‌స్‌మని పీల్చే చప్పుడు కూడా వస్తుంది.

నల్లప్లగ్గు
ప్లగ్గులు ఏ రంగులో ఉన్నాయో ఎవరూ అడగరేం? ఐడిల్‌లో కాసేపు నడిపి విప్పిన ప్లగ్గు ఏమీ చెప్పదు. ఖాళీ రోడ్డు మీద పూర్తి థ్రాటిల్‌లో లాగుతూ, ఒకేసారి క్లచ్ తొక్కి ఇగ్నిషన్ కట్టేయండి. అలాగే జారుకుంటూ వచ్చి పక్కన ఆపి విప్పండి. పింగాణీ గోధుమ రంగులో ఉంటే సరి. సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటే లీన్. నల్లటి పొడి మసి అయితే రిచ్, అంటే పెట్రోల్ ఎక్కువ. నల్లగా తడిగా ఉంటే నూనె, అది వేరే కథ.

నాలుగూ తెల్లగా ఉంటే పెట్రోల్ సరఫరా. ఒకటీ రెండూ మాత్రమే తెల్లగా ఉంటే ముందు కార్బురేటర్, మూడూ నాలుగూ అయితే వెనక కార్బురేటర్. ఒక్కటే తేడాగా ఉంటే కార్బురేటర్‌ని వదిలేసి కంప్రెషన్ కొలవండి.

మడ్‌గార్డ్
స్టీరింగ్ లాక్ ఉన్న బండికి తాళం వెనక్కి తిప్పకండి బాబూ. 66కి లాక్ లేదు గానీ ఇది చదివి ఇంకెవరో ప్రయత్నిస్తారు.

చోక్‌రాజా
ఇంత రాద్ధాంతం ఎందుకు, పాయింట్లు తీసేసి ఎలక్ట్రానిక్ మాడ్యూల్ పెట్టేస్తే జర్కు పోతుంది. సగం తలనొప్పి వదులుతుంది.

డెల్కో_బాబాయ్
పాజిటివ్ ఎర్త్ బండి అని మొదటి లైన్లలోనే రాశారు. నెగటివ్ ఎర్త్ మాడ్యూల్ తగిలిస్తే తాళం తిప్పగానే పొగ. పాజిటివ్ ఎర్త్‌కి విడిగా మాడ్యూల్ ఉంటుంది, అది కావాలి. అయినా అసలు తప్పు ఎక్కడుందో తెలియకుండా మాడ్యూల్ పెడితే, వదులు వైరు వదులుగానే ఉంటుంది, ఇప్పుడు దాని మీద ఖరీదైన డబ్బా కూడా కూర్చుంటుంది.

పోలారిటీ మాట వచ్చింది కాబట్టి: మీ కాయిల్ పాతదా కొత్తదా? పాత లూకాస్ కాయిల్ మీద ఎస్‌డబ్ల్యూ, సీబీ అని ఉంటుంది, సీబీ డిస్ట్రిబ్యూటర్‌కి. కొత్త కాయిల్ మీద ప్లస్, మైనస్ గుర్తులుంటాయి. పాజిటివ్ ఎర్త్‌లో ప్లస్ డిస్ట్రిబ్యూటర్ వైపు పోవాలి. తిరగేస్తే బండి నడుస్తుంది, కానీ నిప్పు ప్లగ్గు మధ్య ఎలక్ట్రోడ్ నుంచి కాకుండా ఎర్త్ వైపు నుంచి దూకాలి. వేడిగా ఉండే మధ్య ఎలక్ట్రోడ్ నుంచి దూకడం సులువు. తిరగబడితే ఎక్కువ వోల్టేజ్ కావాలి, లోడ్ మీద మిస్సింగ్ కొడుతుంది.

మల్టీమీటర్ ఉంటే వైర్లన్నీ తీసి కాయిల్ ప్రైమరీ కొలవండి. బ్యాలస్ట్ (కరెంటు తగ్గించే విడి రెసిస్టర్) లేని ఈ రకానికి 3.1 నుంచి 3.5 ఓమ్ రావాలి. 1.5 చూపిస్తే ఎవరో బ్యాలస్ట్ కాయిల్ పెట్టారు. దాంతో పాయింట్లు కాలిపోతాయి, కాయిల్ పొయ్యిలా వేడెక్కుతుంది.

స్ట్రోబ్‌లైట్
టైమింగ్, అంటే ప్లగ్గు ఎప్పుడు నిప్పు ఇవ్వాలో, ఎవరూ ఎత్తలేదు. పాయింట్లు కొత్తవి అన్నారు. గ్యాప్ మారిస్తే టైమింగ్ మారుతుంది, ఆ తర్వాత టైమింగ్ చూశారా? వరస ఇదీ: ముందు పాయింట్ గ్యాప్ 0.015 అంగుళం, అంటే 0.38 మిల్లీమీటర్. డ్వెల్ మీటర్ (పాయింట్లు ఎన్ని డిగ్రీలు మూసి ఉంటాయో చూపేది) ఉంటే 60 డిగ్రీలకి అటూ ఇటూ 3. అది కుదిరాకే టైమింగ్. మీ ఇంజిన్‌కి స్టాటిక్ (ఇంజిన్ ఆపి) 10 డిగ్రీలు టీడీసీకి, అంటే పిస్టన్ పై కొసకి చేరడానికి, ముందు. స్ట్రోబ్‌తో అయితే డిస్ట్రిబ్యూటర్‌కి వచ్చే వాక్యూమ్ పైపు ఊడదీసి మూసి, 600 ఆర్‌పీఎం దగ్గర 14.

ఐడిల్‌లో సరిపోయింది కదా అని లైటు కట్టేయకండి. రేజ్ చేస్తూ టైమింగ్ గుర్తు ఎటు పోతోందో చూడండి. డిస్ట్రిబ్యూటర్ లోపలి బరువులు 20 డిగ్రీల వరకు ముందుకు తోయాలి, మొత్తం 30 చుట్టూ వచ్చి ఆగాలి. గుర్తు కదలకపోతే బరువులు తుప్పు పట్టి బిగుసుకున్నాయి, ఐడిల్ బ్రహ్మాండంగా ఉన్నా పైన బలం ఉండదు, ఇంజిన్ వేడెక్కుతుంది. గుర్తు రేజ్ చేయగానే గబుక్కున ఎగిరితే స్ప్రింగు తెగింది. రోటర్ కింద, షాఫ్టు మధ్యలో ఉన్న స్క్రూ మీద రెండు చుక్కలు నూనె వేస్తూ ఉండాలి. దాన్ని అందరూ మర్చిపోతారు.

పాయింట్ల మడమకి (షాఫ్టుకి రాసుకునే చోటు) చిటికెడు గ్రీజు పెట్టండి. పొడిగా ఉంటే మడమ కొద్ది రోజుల్లో అరిగి గ్యాప్ తగ్గిపోతుంది, దాంతో టైమింగ్ వెనక్కి జారుతుంది.

ఎస్‌యూ_పిస్టన్
కాలు వేయగానే తడబాటు అంటే ఎస్‌యూ కార్బురేటర్లో మొదట చూసేది డ్యాంపర్ నూనె. ఈ కార్బురేటర్లకి ఆక్సిలరేటర్ పంపు ఉండదు. థ్రాటిల్ తెరవగానే కార్బురేటర్ లోపలి పిస్టన్ మెల్లగా లేవాలి, ఆ ఆలస్యంలోనే జెట్ (పెట్రోల్ వచ్చే రంధ్రం) మీద పీల్పు పెరిగి పెట్రోల్ ఎక్కువ వస్తుంది. నూనె లేకపోతే పిస్టన్ ఒక్క దూకుతో పైకి పోతుంది, గాలి నిండుతుంది, పెట్రోల్ వెనకబడుతుంది. నల్ల మూత విప్పి ఎస్‌ఏఈ 20 నూనె పోయండి, బోలు కడ్డీ పై అంచు దాటి 13 మిల్లీమీటర్లు రావాలి. పలచటి కుట్టుమిషన్ నూనె, బ్రేక్ ఆయిల్ వద్దు.

పిస్టన్‌ని వేలితో పూర్తిగా లేపి వదలండి. టక్‌మని అడుగు తాకాలి. రెండిటి చప్పుడూ ఒకేలా ఉండాలి. ఆగి ఆగి దిగితే సూది జెట్‌కి రాసుకుంటోంది, లేదా డాష్‌పాట్ (పిస్టన్ మీది మూత) లోపల మురికి. మెత్తటి గుడ్డతో తుడవాలి, ఎమరీ పేపర్ పెట్టారంటే పాడుచేసినట్టే. డాష్‌పాట్లని ఒకదానివి ఒకదానికి మార్చకండి, ఏ పిస్టన్‌కి ఆ మూతే.

డెల్కో_బాబాయ్
నూనె లేకపోతే చల్లగా ఉన్నప్పుడే ఎక్కువ తడబడాలి. ఈయనది వేడెక్కాకే వస్తోంది, చోక్‌కి లొంగడం లేదు. నేను టాకో కోసమే ఎదురుచూస్తున్నా.

ఎస్‌యూ_పిస్టన్
వేడికి నూనె పలచబడుతుంది కదా. అయినా చూడటానికి అర నిమిషం పట్టదు, చూస్తే పోయేదేముంది.

పాతబండి66
ఒక్కొక్కటీ రాస్తున్నాను.

డ్యాంపర్: నూనె కొద్దిగా తక్కువగా ఉంది, నింపాను. పిస్టన్లు రెండూ టక్‌మంటున్నాయి. జర్కు అలాగే ఉంది.

టాకో: కాలు వేయగానే జర్కుతో పాటు ముల్లు ఒక్కసారిగా సున్నా వైపు పడి వెంటనే లేస్తోంది. ఎత్తులో బలం పోయినప్పుడు మాత్రం ముల్లు నింపాదిగా, బండి వేగంతో పాటే దిగుతోంది.

సీసా: మొదటి నిమిషం ముప్పావు లీటరు. రెండోసారి అర లీటరుకి తక్కువ. మూడోసారి పావు. బుడగలు లేవు. మూత తీసినా తేడా లేదు.

కాయిల్ 3.3 ఓమ్, సీబీ డిస్ట్రిబ్యూటర్‌కే ఉంది. ప్లగ్గులు నాలుగూ తెల్లగా ఉన్నాయి.

సన్నసూది
ముప్పావు, అర, పావు. ఇంతకన్నా శుభ్రంగా ట్యాంకు ఎలా చెప్పాలి!

డెల్కో_బాబాయ్
ముల్లు పడి లేచిందా! ఇక దొరికినట్టే. ఈ బండి టాకో కాయిల్‌కి వెళ్ళే లో టెన్షన్ (తక్కువ వోల్టేజ్) కరెంటు మీద ఆధారపడి తిరుగుతుంది. ఇంజిన్ ఇంకా తిరుగుతుండగానే ముల్లు పడిందంటే కరెంటే తెగింది. రోటర్, క్యాప్, ప్లగ్ వైర్ల తప్పయితే లో టెన్షన్ మామూలుగా ఉంటుంది, ముల్లు పడదు. కాబట్టి తాళం స్విచ్ నుంచి పాయింట్ల దాకా ఉన్న దారిలోనే వెతకాలి.

కాలు వేసినప్పుడే ఎందుకు? వాక్యూమ్ పైపు కార్బురేటర్ నుంచి వస్తుంది. ఐడిల్‌లో థ్రాటిల్ మూసి ఉన్నప్పుడు పీల్పు ఉండదు, కొద్దిగా తెరవగానే వస్తుంది, డిస్ట్రిబ్యూటర్ పక్కన ఉన్న వాక్యూమ్ క్యాప్సూల్ పాయింట్ల ప్లేటుని గుంజుతుంది. ప్లేటు కదిలిన ప్రతిసారీ దాని మీది రెండు వైర్లు వంగుతాయి. బయటి టెర్మినల్ నుంచి పాయింట్లకి వెళ్ళే పొట్టి వైరు ఒకటి, ప్లేటుని బాడీకి ఎర్త్ చేసే అల్లిక వైరు ఇంకోటి. ఏళ్ళ తరబడి వంగి వంగి లోపలి రాగి పోగులు తెగుతాయి. పైన తొడుగు బాగానే ఉంటుంది కాబట్టి కంటికి కనపడదు. వేడికి తొడుగు మెత్తబడి సాగితే తెగిన కొసలు విడిపోతాయి.

నిర్ధారణ చాలా సులువు. వాక్యూమ్ పైపుని డిస్ట్రిబ్యూటర్ దగ్గర ఊడదీసి, పైపు కొసకి చిన్న బిరడా కొట్టి బండి నడపండి. జర్కు మాయమైతే ప్లేటు మీది వైర్లే. ఆ తర్వాత క్యాప్ తీసి, పాయింట్లు మూసి ఉన్నప్పుడు బయటి టెర్మినల్‌కీ ఇంజిన్ బ్లాకుకీ మధ్య ఓమ్ మీటర్ పెట్టండి. వైరు తీసి కొలవాలి. నోటితో వాక్యూమ్ పైపు పీలుస్తూ ప్లేటుని అటూ ఇటూ కదపండి. రీడింగు సున్నా దగ్గర నిలబడాలి, ఎగిరిందా, దొరికిపోయింది.

నోటితో పీల్చినప్పుడు నాలుక అడ్డం పెడితే ప్లేటు వెనక్కి రాకుండా ఆగాలి. వచ్చేస్తే క్యాప్సూల్ పొర చిరిగింది.

మడ్‌గార్డ్
పైపుకి పెట్రోల్ వాసన ఉంటే ముందు తుడుచుకోండి. బాబాయ్‌కి అలవాటే.

స్ట్రోబ్‌లైట్
ఆ వైరు మార్చేటప్పుడు ఇంటి వైరింగు ముక్క పెట్టకండి. మందపు పోగులు నాలుగు రోజుల్లో మళ్ళీ తెగుతాయి. సన్నటి పోగులు చాలా ఉండే మెత్తటి వైరే కావాలి, టెస్ట్ మీటర్ ప్రోబ్ వైరు లాంటిది. ప్లేటు రెండు చివరలకీ పోయినా లాగుడు పడనంత వదులు ఉంచండి, కానీ రోటర్‌కి తగలకూడదు. కొసలకి టాంకం వేస్తే, టాంకం ఎక్కడ ఆగుతుందో అక్కడ వైరు బిర్రబిగుసుకుని అక్కడే విరుగుతుంది, కాబట్టి ముడత నొక్కడమే (క్రింపింగ్) మేలు.

పాయింట్ల స్తంభం మీద ఇన్సులేటింగ్ వాషర్ల వరసా చూసుకోండి. వైరు ట్యాగు, కండెన్సర్ ట్యాగు రెండూ స్ప్రింగుకి తగలాలి, ప్లేటుకి తగలకూడదు. తిరగబడితే బండి అసలు స్టార్ట్ కాదు.

చోక్‌రాజా
పెట్రోల్ సంగతి వేపర్ లాక్ (పైపులో పెట్రోల్ ఆవిరై దారి అడ్డుకోవడం) ఎందుకు కాకూడదు? వేడెక్కాకే వస్తోంది, ఆగితే పోతోంది. పైపుకి వేడి తగలకుండా ఏదైనా చుట్టి చూడండి.

సన్నసూది
ఇంజిన్ దగ్గర మెకానికల్ పంపు ఉండి, అది వేడి పైపులోంచి పెట్రోల్ పీల్చే బండ్లలో ఆ అనుమానం సబబే. ఇక్కడ పంపు వెనక ఉంది, పెట్రోల్‌ని ముందుకి నెడుతుంది. ఒత్తిడిలో ఉన్న పెట్రోల్ అంత సులువుగా ఆవిరవదు. అదీకాక సీసా పరీక్ష చల్లటి ఇంజిన్ మీద చేశారు, అప్పుడే పావు లీటరుకి పడిపోయింది. వేడికీ దీనికీ సంబంధం లేదు, పావుగంట అన్నది చెత్త పేరుకోవడానికి పట్టే సమయం.

ఇప్పుడు ట్యాంకు పని. పంపు ఇన్‌లెట్ పైపు ఊడదీసి, ట్యాంకు మూత తెరిచి, ఆ పైపులోంచి ట్యాంకులోకి తక్కువ ఒత్తిడి గాలి ఊదండి. గలగలమని బుడగల శబ్దం సాఫీగా రావాలి. పంపు తగిలించి ఉంచి ఊదకండి, వాల్వులు పోతాయి. ఊదాక కొలిస్తే మళ్ళీ ముప్పావు లీటరు వస్తుంది, అది చూసి పని అయిపోయిందనుకోవద్దు, చెత్త లోపలే ఉంది. ట్యాంకు అడుగున డ్రెయిన్ ప్లగ్గు విప్పి మొత్తం దించండి. పిండిలాంటి ఎర్ర తుప్పు వస్తే ట్యాంకు దించి శుభ్రం చేయాలి. నల్లటి జిగురు ముక్కలు వస్తే గొట్టం లోపలి పొర ఊడిపోతోంది.

పంపు లోపల ఇన్‌లెట్ వాల్వు దగ్గర కూడా చిన్న జల్లెడ ఉంటుంది, అది కూడా విప్పి చూడండి. ట్యాంకు నుంచి పంపుకి వచ్చే రబ్బరు గొట్టం వేళ్ళతో నొక్కండి, మెత్తగా ఉబ్బి ఉంటే మార్చేయండి. ఇథనాల్ కలిసిన పెట్రోల్ పాత రబ్బరుని లోపల నుంచి తింటుంది. బయటికి గొట్టం కొత్తదానిలా ఉంటుంది, లోపల పొర చీలి తలుపులా అడ్డం పడుతుంది. ఎస్‌ఏఈ జే30 ఆర్9 అని రాసి ఉన్న గొట్టమే కొనండి.

ఖాళీడబ్బా
పంపుకి వచ్చే కరెంటు కూడా కొలవండి. పంపు టకటకలాడుతున్నప్పుడు దాని టెర్మినల్‌కీ బాడీకీ మధ్య ఎంత ఉందో, బ్యాటరీ దగ్గర ఎంత ఉందో చూడండి. వోల్టు కన్నా ఎక్కువ తేడా ఉంటే తెల్ల వైరు బుల్లెట్ కనెక్టర్లు, పంపు ఎర్త్ వైరు రెండూ గీకి బిగించండి. మీ రెండు ఆరు వోల్టుల బ్యాటరీలని కలిపే లింకు కేబుల్ కూడా చూడండి, సీటు వెనక ఉంటుంది కాబట్టి దాన్ని ఎవరూ పట్టించుకోరు.

పంపు చప్పుడు కూడా చెబుతుంది. ఇంజిన్ ఆపి, మళ్ళీ ఇగ్నిషన్ మాత్రం వేస్తే చాంబర్లు నిండేదాకా గబగబా కొట్టి ఆగాలి, తర్వాత అర నిమిషానికి ఒకటి వస్తే పరవాలేదు. ఆగకుండా గబగబా కొడుతూనే ఉంటే గాలి పీలుస్తోంది, లేదా ట్యాంకు ఖాళీ. మూలుగుతూ నెమ్మదిగా కొడితే ముందో వెనకో దారి మూసుకుంది.

నల్లప్లగ్గు
పంపు ముందర ప్లాస్టిక్ ఫిల్టర్ ఒకటి పెట్టేస్తే చెత్త అక్కడే ఆగుతుంది కదా, ట్యాంకు దించే పని తప్పుతుంది.

సన్నసూది
నేను ఒప్పుకోను. ఎస్‌యూ పంపు నెట్టడంలో గట్టిది, పీల్చడంలో కాదు. పీల్చే వైపు సన్నటి కాగితం ఫిల్టర్ పెడితే అది సగం పూడగానే ఇదే జబ్బు తిరిగొస్తుంది. పెట్టాలనుకుంటే పంపు తర్వాత, ఇంజిన్ గదిలో కనపడేలా పెట్టండి, ఎగ్జాస్ట్‌కి దూరంగా.

నల్లప్లగ్గు
పంపు వాల్వుల్లోకి తుప్పు పోతే? ముతక తీగ జల్లెడ ఫిల్టర్ అయితే పీల్చే వైపు అంత అడ్డం కాదు. తుప్పు పట్టిన ట్యాంకుకి అదే మేలని నా అభిప్రాయం. ఇందులో మనిద్దరికీ కుదరదు.

పాతబండి66
వాక్యూమ్ పైపు మూసి నడిపితే జర్కు లేదు. ఓమ్ మీటర్ పెట్టి ప్లేటు కదిపితే ఒకచోట రీడింగు తెగిపోతోంది. పొట్టి వైరు బయటికి తీసి వేళ్ళతో సాగదీస్తే తొడుగు రబ్బరులా సాగింది, లోపల రాగి మధ్యలో ఖాళీ. అల్లిక ఎర్త్ వైరు కూడా ఒక చివర సగం పోగులే ఉన్నాయి. రెండూ మార్చాను. క్యాప్సూల్ పట్టు నిలుస్తోంది.

ట్యాంకులోంచి ఎర్ర బురద వచ్చింది, పంపు జల్లెడ నిండా అదే. ట్యాంకు దించాను. గొట్టం కూడా మారుస్తున్నాను. ట్యాంకు లోపల సీలర్ పూయాలా, వద్దా?

ఖాళీడబ్బా
రేకు గట్టిగా ఉంటే వద్దు. తుప్పు, జిడ్డు పూర్తిగా పోకుండా పూస్తే సీలర్ పొరలుగా లేచి జల్లెడకే చుట్టుకుంటుంది, అప్పుడు ఇప్పటికన్నా ఘోరం. గుప్పెడు మరలు, వేడి నీళ్ళు, డిటర్జెంట్ వేసి బాగా ఊపి కడగండి, మరలు లెక్కపెట్టి వేసి లెక్కపెట్టి తీయండి. తర్వాత ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్న తుప్పు మందు, మళ్ళీ నీళ్ళు, వెంటనే ఆరబెట్టడం. వెల్డింగు మాత్రం ఖాళీ ట్యాంకే కదా అని ఎవరి చేతా చేయించకండి. ఆవిరి చాలు పేలడానికి.

ఎస్‌యూ_పిస్టన్
ట్యాంకు ఎక్కించాక ఫ్లోట్ చాంబర్ మూతలు కూడా విప్పండి, అడుగున అదే ఎర్ర పొడి ఉంటుంది. సూది వాల్వు కొస మీద గీత పడి ఉంటే మార్చాలి. మూత తిరగేసి పట్టుకుని, సూది మూసుకున్నప్పుడు ఫ్లోట్ మీటకీ మూత అంచుకీ మధ్య 3 నుంచి 5 మిల్లీమీటర్లు ఉండేలా చూడండి.

మిక్స్చర్ ఇప్పుడే ముట్టుకోకండి. పెట్రోల్ అందని రోజుల్లో ఎవరైనా జెట్ నట్లు కిందికి తిప్పి ఉంటే ఇప్పుడు రిచ్ అవుతుంది. వేడి ఇంజిన్‌లో పిస్టన్ లేపే పిన్నుతో మిల్లీమీటరు కన్నా తక్కువ లేపండి. ఆర్‌పీఎం కాస్త పెరిగి వెంటనే సర్దుకుంటే సరి. పెరిగి అలాగే ఉంటే రిచ్, నట్టు ఒక ముఖం పైకి. ఆగిపోబోతే లీన్, ఒక ముఖం కిందికి. అంతకుముందు రెండు కార్బురేటర్ల గాలి సమానం చేసుకోండి. సన్నటి రబ్బరు గొట్టం ఒక కొస చెవిలో, ఒక కొస కార్బురేటర్ నోట్లో పెట్టి బుస చప్పుడు పోల్చినా చాలు.

స్ట్రోబ్‌లైట్
వాల్వు క్లియరెన్స్ 0.015 అంగుళం కూడా ఈ చేత్తోనే, చల్లటి ఇంజిన్‌లో. ఒకటో వాల్వు పూర్తిగా తెరుచుకున్నప్పుడు ఎనిమిదోది, రెండోది తెరిచినప్పుడు ఏడోది, కలిపితే ఎప్పుడూ తొమ్మిది. మిక్స్చర్ ముందు ఇది చేయాలి, తర్వాత కాదు.

పాతబండి66
ట్యాంకు కడిగి ఎక్కించాను, కొత్త గొట్టం వేశాను. సీసాలో వరసగా మూడు నిమిషాలూ లీటరుకి కొద్దిగా తక్కువగా నిలకడగా వస్తోంది. అదే ఎత్తు నాలుగో గేరులో లాగుతోంది, చోక్ అక్కర్లేదు. జర్కు లేదు. మిక్స్చర్ పిన్ను పరీక్షలో వెనక కార్బురేటర్ రిచ్ చూపిస్తోంది, నట్టు రెండు ముఖాలు పైకి తిప్పినా ఆర్‌పీఎం ఇంకా పెరిగే ఉంటోంది.

ఎస్‌యూ_పిస్టన్
వెనక జెట్ చోక్ లివర్‌తో పాటు పూర్తిగా పైకి వస్తోందా చూడండి. జెట్ కింద వేలు పెట్టి పైకి నెట్టండి. కొంచెమైనా కదిలి రిచ్ తగ్గితే లింకేజ్ బిగుసుకుంది, నట్టు తిప్పి లాభం లేదు. కదలకపోతే ఫ్లోట్ మట్టం ఎక్కువుంది, మూత మళ్ళీ విప్పాలి.